వాల్వు ఆంప్లిఫయరు కొనాలా, వద్దా?



పాటలంటే చెవి కోసుకునేవారు ఇంట్లో ఒక్కరుంటే చాలు, ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రస్తావన వస్తుంది. "వాల్వూ, ట్రాన్సిస్టరూ రెండూ ఉన్న హైబ్రిడ్ ఆంప్లిఫయరు కొందాం, పాట ఎంత కమ్మగా వినిపిస్తుందో!" అంటారు. ఔననడానికైనా, కాదనడానికైనా ముందు అందులో ఏముందో తెలియాలి. డబ్బు సర్దవలసింది మనమే కదా!

పాతకాలపు రేడియోలు గుర్తున్నాయా? స్విచ్చి తిప్పిన కాసేపటికి గాని పలికేవి కావు. లోపలి గాజు వాల్వులు వేడెక్కాలి మరి. 1947లో అమెరికాలోని బెల్ లాబరేటరీలో ట్రాన్సిస్టరు పుట్టాక, వాల్వుల పని క్రమంగా దాని చేతికి వచ్చింది. అది చిన్నది, చవకైనది, వెంటనే పలుకుతుంది. అయినా వాల్వులో ఏదో మెత్తదనం ఉందనేవారు నేటికీ ఉన్నారు. వాల్వు పాటకు కొంత తన సొంతం కలుపుతుంది. ముఖ్యంగా, ఏ స్వరం వస్తే దాని రెట్టింపు కంపనం గల స్వరాన్ని కాస్త చేరుస్తుంది. షడ్జమం పాడితే పై షడ్జమం లీలగా తోడైనట్లన్నమాట. అందుకే చెవికి ఇంపు.

పూర్తిగా వాల్వులతో చేసిన ఆంప్లిఫయరులో స్పీకరుకు ముందు సాధారణంగా పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కావాలి. బరువూ, ధరా పెరగడానికి అదొక ముఖ్య కారణం. హైబ్రిడ్‌లో ఆ అవసరం లేదు. మామూలుగా ఒకటి రెండు చిన్న వాల్వులు సన్నని సంకేతాన్ని అందుకుంటాయి. స్పీకరును నడిపే బరువు పని ట్రాన్సిస్టర్లది. మన వంటింటి భాషలో, పప్పు ట్రాన్సిస్టరు, పోపు వాల్వు.

అయితే పోపు పేరు చెప్పి మోసపుచ్చేవీ ఉన్నాయి. ఈసీసీ 83 వంటి వాల్వుకు 100 నుంచి 250 వోల్టులు ఇవ్వడం పరిపాటి. కొన్ని చవక రకాల్లో పాతిక, ముప్ఫై వోల్టులతో సరిపెట్టి, కింద చిన్న ఎల్.ఇ.డి. దీపం పెట్టి ఎర్రగా వెలిగిస్తారు. అక్కడ మనం కొనేది వెలుగునే గాని నాదాన్ని కాదు.

కాబట్టి దుకాణంలో మామూలు ఆంప్లిఫయరునూ, దీన్నీ ఒకే పాటతో, ఒకే స్పీకర్లతో, ఒకే శబ్దస్థాయిలో వినిపించమనండి. కాస్త బిగ్గరగా మోగేదే బాగున్నట్లు చెవి భ్రమపడుతుంది. వాల్వు కొన్ని వేల గంటలకు అరిగిపోతుంది. మార్చవలసి వస్తే దొరుకుతుందా, ఎంతవుతుంది అని ముందే అడగండి. పెట్టెమీద గుడ్డ కప్పకండి, గాలి ఆడనివ్వండి. స్విచ్చి ఆపినా లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మూత తీయకండి, పిల్లల్ని తీయనివ్వకండి.

ఇంతకూ కొనవచ్చా? ఉన్న స్పీకర్లు నాసిరకానివైతే ముందు వాటిని మార్చండి. పాటలో తేడా అక్కడే ఎక్కువగా తెలుస్తుంది. పప్పు ఉడకనిదే ఎంత పోపు వేసి ఏం లాభం? మంచి స్పీకర్లుండి, విన్నాక తేడా మీ చెవికే నచ్చి, ఇంటి ఖర్చులకు లోటు లేకపోతే నిక్షేపంగా కొనుక్కోండి. రోజంతా పనిచేసి సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక మంచి పాట వినడం వృథా ఖర్చేమీ కాదు.