గాజుపెట్టెలో చిన్న భూమి

నల్లగౌన్లలో చెమటలు కక్కుతూ నేనెప్పుడు దిగుతానా అని చూస్తున్న పట్టభద్రులారా! ఒక గాజుపెట్టె కథ చెప్పి దిగిపోతాను.

నార్వేలో క్రిస్టియన్ బిర్కెలాండ్ అనే భౌతికశాస్త్రవేత్త ఉండేవాడు. ధ్రువాల దగ్గరి రాత్రి ఆకాశంలో మెరిసే ధ్రువకాంతుల గుట్టు తేల్చాలని 1899లో హాల్డె కొండెక్కి, మంచుతుపానుల్లో చలికాలమంతా గడిపాడు. ఆ తర్వాత గాలి తోడేసిన గాజుపెట్టెలో, కడుపులో అయస్కాంతం దాచిన గోళాన్నొకదాన్ని పెట్టి, దాని మీదికి ఎలక్ట్రాన్లు వదిలాడు. రెండు ధ్రువాల చుట్టూ కంకణాల్లా వెలుగు లేచింది! ఖర్చులకు డబ్బు కావాలి కదా, విద్యుత్ ఫిరంగి ఒకటి తయారుచేశాడు. పదిమంది ముందు పేలుస్తుంటే షార్ట్ సర్క్యూటై, మెరుపు లేచి పరువు పోయింది. అయితే ఆ మెరుపులోంచే గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే పద్ధతి పుట్టింది. రైతుబిడ్డలకు ఈ ముక్క నచ్చుతుందని చెప్పాను.

సూర్యుడి నుంచి వచ్చే విద్యుత్ కణాలే ఈ వెలుగుకు కారణమనీ, ఆకాశం నుంచి ధ్రువాలకు విద్యుత్తు ప్రవహిస్తుందనీ ఆయన అన్నాడు. సిడ్నీ చాప్‌మన్ వంటి శాస్త్రరంగ ఉద్దండులు ఒప్పుకోలేదు. బిర్కెలాండ్ 1917లో టోక్యోలో కన్నుమూశాడు. అర్ధశతాబ్దం గడిచాక ఉపగ్రహాలు ఆ ప్రవాహాలను పట్టుకున్నాయి. ఇప్పుడు వాటికి ఆయన పేరే.

అలాగని అంతా ఆయన చెప్పినట్టే లేదు. ఆ కణాలు తిన్నగా వచ్చి ధ్రువాల మీద పడవు. ఆ కణాల ప్రవాహమైన సౌరగాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రివైపు తోకలా సాగదీస్తుంది. ఆ తోకలో పేరుకున్న శక్తి ఉన్నట్టుండి విడుదలై ఎలక్ట్రాన్లను భూమి వైపు తరుముతుంది. అవి పైగాలిలోని ఆక్సిజన్‌ను కొడతాయి. ఆకుపచ్చ వెలుగు వదలడానికి ఆక్సిజన్ పరమాణువుకు ముప్పావు సెకను చాలు. ఎరుపుకు దాదాపు రెండు నిమిషాలు కావాలి. గాలి దట్టంగా ఉన్నచోట అంత వ్యవధి ఎవరిస్తారు? పక్కనున్న అణువు వచ్చి ఢీకొని శక్తిని లాగేసుకుంటుంది. అందుకే ఎరుపు 200 కిలోమీటర్ల పైన, గాలి పలచబడ్డాకే కనిపిస్తుంది.

2024 మే 10 రాత్రి లడఖ్‌లోని హాన్లే కెమెరాలకు చిక్కింది ఆ ఎరుపే. ధ్రువానికి అంత దూరం నుంచి చూస్తే భూమి వంపు కింది ఆకుపచ్చను దాచేస్తుంది, నెత్తి మాత్రమే మిగులుతుంది. ఆ ఎరుపుకు కారణమైన సౌర తుపాను గాలిని దారిలోనే కొలిచిన వాటిలో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 అంతరిక్షనౌక కూడా ఉంది.

సరే, పట్టాలు అందుకోండి. భోజనాలకు వేళయింది.