లండన్ సంబంధం, 29,000 పౌండ్ల లెక్క

ఈ ఎపిసోడ్‌లో యూకే వీసాల్లో జీతం లెక్క గురించి మాట్లాడుకుందాం.

"అబ్బాయి యూకేలో ఉన్నాడు. పెళ్లయ్యాక అమ్మాయిని తీసుకెళ్లాలంటే ఎంత జీతం ఉండాలి?" ఈ ప్రశ్న నలుగురిని అడిగి చూడండి. ఒకరు 29,000 పౌండ్లు అంటారు. ఇంకొకరు 38,700 అంటారు. మూడో ఆయన 41,700 అంటాడు. నాలుగో ఆయన "జీతంతో పనేముంది, మా తమ్ముడు అలాగే తీసుకెళ్లాడు" అంటాడు. వీళ్లెవరూ అబద్ధం చెప్పట్లేదు. ఒక్కొక్కరు ఒక్కో వీసా గురించి, ఒక్కో సంవత్సరం గురించి చెప్తున్నారు. సమస్య ఏంటంటే, ఇంట్లో పెద్దవాళ్లు వాటిలో ఒకదాన్ని పట్టుకుని ముహూర్తం పెట్టించేస్తారు, పొలానికి బేరం పెట్టేస్తారు. తర్వాత తెలుస్తుంది, ఆ అంకె మనది కాదని.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మన దగ్గర ఒక కుటుంబానికి ఎంత ఉంది అంటే పొలం, ఇల్లు, బంగారం, నాన్న పెన్షన్, అన్నయ్య వ్యాపారం, అన్నీ కలిపి చెప్తాం. యూకే వీసా ఆఫీసర్ అలా చూడడు. ఎవరి సంపాదన, ఏ దేశంలో, ఎన్ని నెలల నుంచి, ఏ కాగితం మీద ఉంది, ఇంతే చూస్తాడు. రెండు కోట్ల ఆస్తి ఉన్న ఇంటికి వీసా రాకపోవచ్చు, ఆస్తి ఏమీ లేని నర్స్ భర్తకి రావచ్చు. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా సులువు.

మొదటి అంకె 29,000. ఇది భాగస్వామి వీసా, అంటే స్పౌజ్ వీసా. యూకేలో ఉన్న మనిషికి బ్రిటిష్ పౌరసత్వమో, ఐఎల్‌ఆర్ అనే శాశ్వత నివాసమో ఉంటేనే ఈ లెక్క ముఖ్యంగా వర్తిస్తుంది. 2012 జూలై నుంచి దాదాపు పన్నెండేళ్లు ఇది 18,600 పౌండ్లే. 2023 డిసెంబర్‌లో అప్పటి హోమ్ మంత్రి జేమ్స్ క్లెవర్లీ దీన్ని 38,700కి పెంచుతామన్నారు. ఒకేసారి రెట్టింపు కంటే ఎక్కువ! పెద్ద గొడవైంది. అప్పుడు మెట్లు మెట్లుగా పెంచుతామని, 2024 ఏప్రిల్ 11న 29,000 చేశారు. జూలైలో ప్రభుత్వం మారింది. కొత్త హోమ్ మంత్రి ఇవెట్ కూపర్ మిగతా మెట్లు ఆపేసి, వలస సలహా కమిటీని సమీక్ష చేయమన్నారు. 2025 జూన్‌లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. అంటే 38,700 అనే అంకె స్పౌజ్ వీసాకి ఎప్పుడూ అమల్లోకే రాలేదు. కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతోంది.

29,000 అంటే ఎంత? పౌండ్‌ని 115 రూపాయలుగా లెక్కేసుకుంటే ఏడాదికి 33 లక్షల పైన. మనకి చాలా పెద్ద అంకెలా కనిపిస్తుంది కాబట్టి, అక్కడి లెక్కలోనే చూద్దాం. 2025 ఏప్రిల్‌లో యూకేలో 21 ఏళ్లు నిండినవాళ్లకి కనీస వేతనం గంటకి 12 పౌండ్ల 21 పెన్నీలు అయింది. వారానికి 40 గంటలు, ఏడాదిలో ఒక్క వారం కూడా జీతం పోకుండా పనిచేస్తే ఆ రేటుతో 25,400 దగ్గర ఆగేది. అంటే చట్టం ప్రకారం పూర్తి సమయం కష్టపడి పనిచేసే సూపర్‌మార్కెట్ ఉద్యోగి, వేర్‌హౌస్ ఉద్యోగి, పౌరసత్వం ఉన్నా సరే, తన జీతంతో పెళ్లాన్నో భర్తనో తెచ్చుకోలేడు. ఇది పనిచేయని మనిషి సమస్య అనుకోకండి. పని చేస్తున్న మనిషి సమస్య.

ఇప్పుడు ఎవరి జీతం లెక్కలోకి వస్తుందో జాగ్రత్తగా వినండి. ఇక్కడి నుంచి వెళ్లే మనిషి ఇక్కడ సంపాదించే జీతం లెక్కలోకి రాదు. హైదరాబాద్‌లో గచ్చిబౌలిలో అమ్మాయికి నెలకి మూడు లక్షలు వస్తున్నా సున్నానే. "అక్కడికి వెళ్లాక నాకు ఉద్యోగం ఖాయం, ఆఫర్ లెటర్ ఉంది" అన్నా మామూలుగా సున్నానే. యూకేలో ఉన్న మనిషి ఒక్కరి జీతమే చూస్తారు. ఒకే కంపెనీలో ఆరు నెలలు పైన చేస్తుంటే ఆరు నెలల పేస్లిప్‌లు, అవే అంకెలు కనిపించే బ్యాంక్ స్టేట్‌మెంట్ కావాలి. ఆ ఆరు నెలల్లో ఒక నెల జీతం తగ్గితే, ఆ తగ్గిన నెలతోనే లెక్క కట్టొచ్చు. పెళ్లికి ఇండియా వచ్చి జీతం లేని సెలవు పెట్టారనుకోండి, దెబ్బ అక్కడ తగులుతుంది.

మరి ఆస్తి? పొలం పొలంగా ఉంటే లెక్కలోకి రాదు. బంగారం రాదు. అత్తామామలు "మేము చూసుకుంటాం" అని రాసిచ్చే కాగితం మామూలు దారిలో పనికిరాదు. కానీ ఒకటి చాలామందికి తెలియదు. భార్య పేరు మీదో భర్త పేరు మీదో ఇల్లు ఉండి, అద్దె వస్తూ ఉంటే, ఆ ఇల్లు విజయవాడలో ఉన్నా సరే ఆ అద్దెని జీతానికి కలుపుకోవచ్చు. నాన్న పేరు మీద ఉన్న ఇల్లయితే కుదరదు.

జీతం బొత్తిగా లేకపోతే బ్యాంకులో డబ్బు చూపించే దారి ఉంది. మొదటి 16,000 పౌండ్లని అసలు లెక్కలోకే తీసుకోరు. దానిపైన, తక్కువైన ప్రతి పౌండ్‌కి రెండున్నర పౌండ్లు ఉండాలి. మొత్తం డబ్బుతోనే గట్టెక్కాలంటే 88,500 పౌండ్లు. మన రూపాయల్లో కోటి పైన. అది కూడా ఆరు నెలలు వాళ్ల చేతిలో ఉన్న డబ్బు అయి ఉండాలి. ఇంటి అమ్మకం వల్ల వచ్చిందైతే ఆ కాగితాలు చూపించొచ్చు. వీటన్నిటి పైన ఫీజులు వేరే. 2025 ఏప్రిల్ లెక్కలో ఇండియా నుంచి అప్లై చేస్తే ఫీజు 1,938 పౌండ్లు, ఆరోగ్య సర్‌చార్జి 3,105 పౌండ్లు. ఒక్క మనిషికి దగ్గర దగ్గర 5 లక్షల 80 వేలు. రెండేళ్ల తొమ్మిది నెలల్లోపు మళ్లీ రెన్యువల్, మళ్లీ ఫీజు, మళ్లీ జీతం కాగితాలు.

ఇక రెండో అంకె 41,700. మన తెలుగు పిల్లల్లో ఎక్కువమందికి సంబంధించింది ఇదే. పౌరసత్వం లేకుండా స్కిల్డ్ వర్కర్ వీసా మీద పనిచేసేవాళ్ల లెక్క ఇది. 2024 ఏప్రిల్ 4కి ముందు సాధారణ కనీస జీతం 26,200. ఆ రోజు నుంచి 38,700. 2025 జూలై 22 నుంచి 41,700. పదిహేను నెలల్లో రెండుసార్లు! ఇందులో ఆ ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన రేటు ఇంకా ఎక్కువుంటే ఆ ఎక్కువే కట్టాలి. ఇక్కడ భార్యని తీసుకెళ్లడానికి 29,000 లెక్క లేదు. డిగ్రీ స్థాయి ఉద్యోగంతో స్కిల్డ్ వర్కర్ వీసా ఉంటే భార్య డిపెండెంట్‌గా వెళ్లొచ్చు. మన నాలుగో ఆయన తమ్ముడు వెళ్లింది ఇలాగే అయ్యుంటుంది.

కానీ అసలు చిక్కు ఈ వీసా దాకా చేరడంలో ఉంది. మాస్టర్స్ అయ్యాక గ్రాడ్యుయేట్ వీసా వస్తుంది, మనవాళ్లు పీఎస్‌డబ్ల్యూ అంటారు కదా, అది రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి పీహెచ్‌డీ తప్ప మిగతా వాళ్లకి ఏడాదిన్నరే. ఈ పీఎస్‌డబ్ల్యూలో ఉండగా పెళ్లి చేసుకుంటే కొత్త భార్యని డిపెండెంట్‌గా తీసుకెళ్లడం కుదరదు. స్టూడెంట్ వీసాలో ఉన్నప్పుడే డిపెండెంట్‌గా ఉన్నవాళ్లకే ఆ వీలు. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులకి డిపెండెంట్ వీసానే ఆపేశారు. కాబట్టి "అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు" అన్న మాట నిజమే అయినా, వీసా పీఎస్‌డబ్ల్యూ అయితే అమ్మాయి ఇక్కడే ఉండిపోతుంది. ఎన్నాళ్లు? అబ్బాయికి స్పాన్సర్ చేసే కంపెనీ దొరికేదాకా.

కొత్తగా చేరేవాళ్లకి ఒక తగ్గింపు ఉంది, 41,700కి బదులు 33,400. వినడానికి బాగుంది. కానీ దీనికి నాలుగేళ్ల గడువు, అందులో పీఎస్‌డబ్ల్యూ కాలం కూడా కలిసే ఉంటుంది. రెండేళ్లు పీఎస్‌డబ్ల్యూలో గడిపేస్తే, తగ్గింపు జీతంతో మిగిలేది రెండేళ్లే. ఆ తర్వాత పూర్తి అంకె. అంటే రెండేళ్లలో జీతం దాదాపు 25 శాతం పెరగాలి. ఆ కంపెనీ పెంచకపోతే? అప్పటికి పెళ్లయి, భార్య అక్కడికి చేరి, పిల్లాడు పుట్టి ఉండొచ్చు. ఒక్కరి వీసా ఆగితే ముగ్గురి వీసా ఆగుతుంది.

మూడో అంకె స్టూడెంట్ల ఫండ్ షో, దీన్ని త్వరగా చెప్పేస్తాను. 2025 నవంబర్ 11 నుంచి లండన్ బయట చదివితే నెలకి 1,171 పౌండ్లు, లండన్‌లో అయితే 1,529. ఇలా తొమ్మిది నెలలకి చూపించాలి, కట్టాల్సిన ఫీజు దీనికి అదనం. లండన్ బయటే 12 లక్షలు దాటుతుంది. ఏడాది ముందు నెలకి 1,023 ఉండేది. డబ్బు 28 రోజులు వరుసగా అకౌంట్‌లో ఉండాలి. ఒక్క రోజు తగ్గినా తిరస్కరణే. అంకె పెరిగిన కొద్దీ "డబ్బు మేము పెడతాం, వడ్డీ ఇవ్వండి" అనే ఏజెంట్లకి గిరాకీ పెరుగుతుంది. దొంగ స్టేట్‌మెంట్ పెట్టి దొరికితే యూకేలోకి పదేళ్ల నిషేధం పడొచ్చు. ఏజెంట్‌కి పోయేదేమీ లేదు, పేరు మీదే ఉంటుంది.

ఇదంతా వింటే యూకే ప్రభుత్వం మీద కోపం రావచ్చు. వాళ్ల వాదన కూడా వినాలి. బయటి నుంచి వచ్చే కుటుంబం అక్కడి పన్ను కట్టేవాళ్ల మీద భారం కాకూడదు, కంపెనీలు తక్కువ జీతానికి విదేశీయుల్ని తెచ్చి స్థానికుల జీతాలు తొక్కకూడదు అంటారు. 2012లో 18,600 అన్నది కూడా ఊరికే పెట్టలేదు. ఆ జీతం ఉంటే ఒక జంట ప్రభుత్వ సాయం మీద ఆధారపడక్కర్లేదని లెక్క కట్టి పెట్టారు. 2017లో యూకే సుప్రీంకోర్టు కూడా ఇలా ఒక పరిమితి పెట్టడం చట్టబద్ధమే అంది. కానీ పిల్లల మేలుని సరిగా పట్టించుకోలేదని తప్పుపట్టింది కూడా. నా అభిప్రాయం అడిగితే, పరిమితి ఉండటం అర్థమవుతుంది. కానీ భారం కాకూడదన్నదే లక్ష్యమైతే, వెళ్లే అమ్మాయి సంపాదించగలదన్న విషయాన్ని సున్నాగా చూడటం ఏ లెక్క? ఇద్దరూ సంపాదించే ఇల్లు భారం కాదు కదా.

సరే, చట్టం మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి చెప్తాను.

సంబంధం మాట్లాడేటప్పుడు జీతం ఎంత అని అడగటానికి ముందు వీసా ఏంటి అని అడగండి. పౌరసత్వమా, ఐఎల్‌ఆరా, స్కిల్డ్ వర్కరా, పీఎస్‌డబ్ల్యూనా? వీసా గడువు ఎప్పుడు? తగ్గింపు జీతంలో ఉన్నారా, పూర్తి జీతంలోనా? ఇది అనుమానించడం కాదు. జాతకం అడగడానికి మొహమాటపడని మనం దీనికెందుకు మొహమాటపడాలి? అమ్మాయిలూ, ఈ ప్రశ్న మీ నాన్నగారు అడగకపోతే మీరే అడగండి. అక్కడికి వెళ్తానన్న నమ్మకంతో ఉద్యోగం మానేసి, ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది మీరే. వీసా చేతికి వచ్చేదాకా రాజీనామా పెట్టకండి.

అబ్బాయిలూ, అక్కడ మీకు మామూలు ఉద్యోగం ఉంటే దాన్ని దాచొద్దు. "త్వరలోనే స్పాన్సర్‌షిప్ వస్తుంది" అనే మాట మీద ఒక ఇంటివాళ్లు పొలం అమ్మేస్తారు.

ఇంకోటి, ఎప్పుడూ అప్లై చేసే రోజున ఉన్న రూల్ చూడాలి. బావగారు వెళ్లిన రోజున ఉన్న రూల్ మనకి పనికిరాదు. యూకే ప్రభుత్వ సైట్‌లో అంకెలు ఉచితంగానే ఉంటాయి, ఏజెంట్ ఆఫీసుకి వెళ్లే ముందు ఫోన్‌లో ఒకసారి చదువుకోండి. అంచు మీద ప్లాన్ చేయకండి. 29,000 కావాలంటే 29,200 ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. అది ఇంకోసారి పెరిగితే మన పరిస్థితి ఏంటి, ఎన్నాళ్లు విడిగా ఉండగలం, ఇక్కడ బతుకు ఏంటి అనేది పెళ్లికి ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. పొలం అమ్మే నిర్ణయం మాత్రం అన్నిటికంటే చివర పెట్టుకోండి. వీసా తిరస్కరిస్తే మళ్లీ అప్లై చేసుకోవచ్చు, అమ్మిన పొలం మళ్లీ అదే ధరకి రాదు.

ఇంట్లో ఎవరికైనా యూకే సంబంధం చూస్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపించండి, ముఖ్యంగా పెద్దవాళ్లకి.