ఓడ ఎక్కిన ఆట: సూరత్ తీరం నుంచి లార్డ్స్ మైదానం దాకా
(సూరత్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

తాపీ నది సముద్రంలో కలిసే ఈ తీరానికి 1608లో ఒక ఆంగ్ల నౌక వచ్చింది. దాని పేరు హెక్టర్, దాని నాయకుడు విలియం హాకిన్స్. జహంగీరు చక్రవర్తి దర్బారులో వర్తకానికి అనుమతి సంపాదించడం ఆయన వచ్చిన పని. తరువాతి కథ చరిత్ర పుస్తకాలు చదివిన పిల్లలందరికీ తెలుసు. ఆ నౌకల వెంట దిగుమతి అయిన వస్తువుల జాబితాలో మాత్రం ఒకటి సామాన్యంగా కనిపించదు. అది కర్రబ్యాటు. భారతభూమిపై క్రికెట్ ఆడినట్టు తెలిపే తొలి ఆధారం 1721 నాటిది. ఖంభాత్ సమీపంలో ఓడ నిలిచిన రోజులలో నావికులు కాలక్షేపానికి క్రికెట్ ఆడుకున్నారని క్లెమెంట్ డౌనింగ్ అనే నావికుడు రాసుకున్నాడు. ఖంభాత్ ఈ సూరత్‌కు ఎంతో దూరం కాదు. అంటే మన దేశంలో ఈ ఆట గుజరాత్ జలాల అంచున, ప్రయాణంలో ఉన్నవారి చేతులలో మొదలయిందన్న మాట.

ఒక దేశపు జట్టు మరొక దేశానికి వెళ్లి ఆడడాన్ని తెలుగులో 'పర్యటన' అంటున్నాము. హిందీ పత్రికలు 'దౌరా' అని రాస్తాయి. తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చి మగ్గాల మీద స్థిరపడిన పెద్దలకు ఆ మాట కొత్త కాదు. తహశీల్దారు దౌరాకు వస్తున్నాడంటే ఊరు ఊరంతా సర్దుకునేది. అధికారి చేసే దౌరాకూ ఆటగాడు చేసే దౌరాకూ తేడా ఒకటి ఉన్నది. అధికారి ఎవరి తరపున వచ్చాడో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆటగాళ్లు ఎవరి తరపున వెళుతున్నారనేది ఓడ ఎక్కేముందు తేల్చుకోవలసిన ప్రశ్న. భారతదేశపు క్రికెట్ పర్యటనల చరిత్ర చాలావరకు ఈ ప్రశ్నకు జవాబు వెదికిన చరిత్రే.

సముద్రం దాటిన తొలి ఆంగ్ల జట్టు 1859లో జార్జ్ పార్ నాయకత్వాన ఉత్తర అమెరికాకు వెళ్లింది. 1861లో మరొక జట్టు ఆస్ట్రేలియా చేరింది. 1868లో ఆస్ట్రేలియా ఆదివాసులు ఇంగ్లండు వచ్చి 47 పందేలు ఆడి 14 గెలిచారు. ఆ జట్టులో కింగ్ కోల్ అని పిలువబడిన ఆటగాడు అక్కడే మరణించాడు. సొంత నేలపై హక్కులు లేనివారు పరాయి నేలపై తమ దేశపు తొలి ప్రతినిధులు కావడం ఎంతటి విడ్డూరం!

భారతదేశం నుంచి మొదట ఓడ ఎక్కినవారు పార్సీలు. సూరత్‌తో వారి బంధం గాఢమైనది. ఓడల నిర్మాణంలో పేరు మోసిన లవ్‌జీ నసర్‌వాన్‌జీ వాడియా 1736లో ఇక్కడి నుంచే బొంబాయి వెళ్లాడు. ఆయన వంటి కుటుంబాలు అనేకం ఈ ప్రాంతం నుంచి బొంబాయి చేరాయి. అక్కడ దొరల ఆట చూసి నేర్చుకుని, 1848లో సొంత క్లబ్బు పెట్టుకున్నారు. 1886లో ఇంగ్లండు వెళ్లిన పార్సీ జట్టు 28 పందేలలో ఒక్కటి మాత్రమే గెలిచింది. రెండేళ్ల తరువాత మళ్లీ వెళ్లి ఎనిమిది గెలిచింది. ఆ రెండవ పర్యటనలో 170 వికెట్లు తీసిన మెహల్లాషా పావ్రీ ఇక్కడికి కూతవేటు దూరంలోని నవసారిలో పుట్టినవాడు. 1890 జనవరిలో వెర్నన్ నాయకత్వాన ఇంగ్లండు నుంచి వచ్చిన జట్టును బొంబాయిలో పార్సీలు నాలుగు వికెట్ల తేడాతో ఓడించారు. అందులోనూ పావ్రీదే ముఖ్యపాత్ర.

అయితే అది పార్సీల జట్టు. భారతదేశపు జట్టు ఏది? ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అలాంటి జట్టును ఇంగ్లండు పంపాలని ఒక ప్రయత్నం జరిగింది. పార్సీలు ఎందరు, హిందువులు ఎందరు, ముస్లిములు ఎందరు అన్న లెక్క తెగక అది మూలబడింది. బంతి వేయకముందే ఓడిపోయిన పర్యటన అది. చివరకు 1911లో పటియాలా మహారాజా భూపీందర్ సింగ్ నాయకుడుగా అన్ని మతాలవారూ కలిసిన జట్టు బయలుదేరింది. ఆడిన 23 పందేలలో 15 ఓడింది, ఆరు గెలిచింది. లీస్టర్‌షైర్, సోమర్‌సెట్ కౌంటీలను ఓడించడం చిన్న విషయం కాదు. కాని ఆ పర్యటనలో తలచుకోవలసిన మనిషి పల్వంకర్ బాలూ. చర్మకార కులంలో పుట్టి, పూనాలో మైదానం చదును చేసే కూలీగా మొదలైనవాడు. సాటి ఆటగాళ్లు పెవిలియన్‌లో పింగాణీ కప్పులలో టీ తాగుతుంటే, ఆయనకు మాత్రం బయట మట్టిముంతలో పోసేవారు. ఆ బాలూ ఇంగ్లండులో 114 వికెట్లు తీశాడు. సముద్రం దాటి వెళ్లినచోట ఆయన బౌలింగును చూశారు, కులాన్ని అడగలేదు. స్వదేశంలో హిందూ జట్టు నాయకత్వం మాత్రం ఆయనకు ఎన్నడూ దక్కలేదు.

1926లో గిల్లిగన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానాలో హిందూ జట్టు తరపున కొఠారి కనకయ్య నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. నాగపూరులో 1895లో జన్మించిన తెలుగు బిడ్డ ఆయన. ఇల్లు వదిలి మరొక రాష్ట్రంలో బతుకుతున్న కుటుంబాలకు ఆయన కథ దగ్గరి చుట్టం కథలా వినిపిస్తే ఆశ్చర్యం లేదు. ఆ పర్యటన తరువాత రెండేళ్లకు, 1928లో, క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

ఇక 1932. ఆ ఏడాది జనవరిలోనే గాంధీజీని ఎరవాడ జైలుకు పంపారు. అప్పటికి బార్డోలీ సత్యాగ్రహం జరిగి నాలుగేళ్లు, దండిలో ఉప్పు ఎత్తి రెండేళ్లు. ఆ రెండూ అప్పటి సూరత్ జిల్లాలోనివే. జాతి నాయకులు చెరసాలలో ఉండగా పాలకుల దేశానికి ఆటకు వెళ్లడమా అని విజయ్ మర్చంట్, ఎల్.పి. జై వెళ్లడానికి నిరాకరించారు. వారిది సరైన నిర్ణయమే. మరి వెళ్లినవారిది తప్పా? తప్పని చెప్పడం అంత తేలిక కాదు. జట్టుకు నాయకుడు పోరుబందరు మహారాజా, ఉపనాయకుడు లింబ్డీ రాకుమారుడు. మహారాజా చేసిన పరుగుల కన్నా ఆయనకున్న కార్లే ఎక్కువని అప్పట్లో ఒక ఛలోక్తి ప్రచారంలో ఉండేది. అయినా ఆయన గొప్పతనం ఒకటి చెప్పుకోవాలి. తన శక్తి తనకు తెలుసు గనుక తాను తప్పుకుని పగ్గాలు నాయుడు చేతిలో పెట్టాడు. రాజు కాని మనిషి కింద ఆడడం కొందరికి రుచించలేదని అంటారు.

జూన్ 25న లార్డ్స్ మైదానంలో దిగిన పదకొండు మందిని ఒకసారి చూడండి. నాయకుడు నాగపూరు తెలుగువాడు. రాజకోటకు చెందిన అమర్ సింగ్, కరాచీకి చెందిన నవూమల్, పార్సీలు పాలియా, కోలా, మహారాష్ట్రకు చెందిన నావ్లే, పంజాబు నుంచి నిసార్, జహంగీర్ ఖాన్, సోదరులు వజీర్ అలీ, నజీర్ అలీ, మలయాలో పుట్టిన సిక్కు లాల్ సింగ్. రాజ్యాంగం లేదు, జెండా లేదు, స్వతంత్రం ఇంకా పదిహేనేళ్ల దూరం. 1903 ప్రాంతంలో ఏ లెక్క తెగక పర్యటన ఆగిపోయిందో, ఆ లెక్క ఆ ఉదయం ఎవరికీ గుర్తు రాలేదు. తొలి అరగంటలోనే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకుంది. రెండు నిసార్ పడగొట్టినవి, మూడవది లాల్ సింగ్ రనౌట్ చేసినది. నాయుడు చేతికి దెబ్బ తగిలినా 40 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో మనవారి అత్యధిక స్కోరు అదే. 158 పరుగుల తేడాతో ఓడిపోయాము.

తెలుగువారి పేరు ప్రతిసారీ గర్వపడేలా వినిపించిందని కాదు. 1936 పర్యటనకు నాయకుడైన విజయనగరం మహారాజకుమారుడు ఆటతో గాక పలుకుబడితో ఆ స్థానం సంపాదించాడు. లాలా అమర్‌నాథ్ వంటి వాడిని మధ్యలోనే ఇంటికి పంపించారు. ఆ అపశ్రుతుల నడుమ బుచ్చిబాబు నాయుడి కుమారుడు కోటా రామస్వామి నలభై ఏళ్ల వయసులో మాంచెస్టరులో తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు.

లార్డ్స్‌లో దిగిన పదకొండు మందిలో నిసార్, జహంగీర్ ఖాన్, అలీ సోదరులు దేశవిభజన తరువాత పాకిస్తాన్ పౌరులయ్యారు. 1952 అక్టోబరులో ఆ దేశపు జట్టు తొలి టెస్టు పర్యటనకు ఢిల్లీ వచ్చింది. దాని నాయకుడు కర్దార్ 1946లో భారత జట్టుతో ఇంగ్లండు వెళ్లినవాడే. గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి. ఆ టెస్టులో హైదరాబాదు బౌలరు గులాం అహ్మద్ చివరి వికెట్టుకు హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించాడు. అందులో ఆయనవి 50. తరువాత జామ్‌నగరు వినూ మన్కడ్ 13 వికెట్లు తీశాడు. భారతదేశం ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి నాలుగేళ్లు.

తరువాతి విజయాలు అందరికీ తెలిసినవే గనుక విస్తరించనక్కరలేదు. 1971లో ఓవల్‌లో గెలుపు పరుగులు కొట్టిన ఆబిద్ అలీ హైదరాబాదువాడని మాత్రం గుర్తు చేసుకుందాం.

మహిళల పర్యటనల కథ వేరు. భారత మహిళల జట్టు తొలి టెస్టు ఆడింది 1976లో, వెస్టిండీస్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు. పురుషులకూ వారికీ మధ్య 44 ఏళ్ల దూరం. ఆ దారి చివరకు ఈ ఊరికీ వచ్చింది. 2019 సెప్టెంబరు 24న ఇదే సూరత్‌లో, లాల్‌భాయి కాంట్రాక్టర్ స్టేడియంలో, దక్షిణాఫ్రికా మహిళల జట్టుతో ఇరవై ఓవర్ల పందేల వరుస మొదలైంది. రోహ్‌తక్ నుంచి వచ్చిన షెఫాలీ వర్మ ఆనాడు తొలిసారి దేశం తరపున ఆడింది. వయసు పదిహేను. నాలుగు బంతులు ఆడి సున్నాకు వెనుదిరిగింది. రెండు పందేలను వాన తీసుకుపోయింది. వారం తరువాత అదే మైదానంలో ఆ పిల్లే 33 బంతులలో 46 పరుగులు కొట్టింది. అక్టోబరు 4న జరిగిన చివరి పందెం హర్మన్‌ప్రీత్ కౌర్‌కు నూరవది. పురుషులలోగాని స్త్రీలలోగాని అంతవరకు ఏ భారతీయుడూ ఇరవై ఓవర్ల ఆటలో నూరు అంతర్జాతీయ పందేలు ఆడలేదు. ఆ ఘనత మొదట ధోనీకి గాని, రోహిత్ శర్మకు గాని దక్కలేదు. మోగా నుంచి వచ్చిన ఒక స్త్రీకి, మగ్గాల చప్పుడు ఆగని ఈ సూరత్‌లో దక్కింది. ఆ పందెంలో మనవారు 105 పరుగుల తేడాతో ఓడిపోయారు. వరుసను మాత్రం 3-1తో గెలిచారు.