రూపకర్తకు వర్తకభాష

హైదరాబాదులో అమీరుపేటయందు మైత్రీవనము చెంత నిలిచినచో శిక్షణశాలల పలకలే కన్నులకు నిండును. పల్లెలనుండి వచ్చిన యువకులు అచట కంప్యూటరు విద్యలతోపాటు తెరపై పుటలు దీర్చు డిజైను విద్యయు నేర్చుచున్నారు. రేఖ, వర్ణము, అక్షరము – వీని సొంపు వారికి చక్కగ బోధపడును. వీనిని కొనువాని భాషమాత్రము బోధపడదు.

నా పూర్వశిష్యుడొకడు సమీపముననే పంజాగుట్టలో నొక వస్త్రవర్తకునికి తన పుట చూపి, "రంగులు పొందికగా నున్నవి" అనెనట. "బేరము పెరుగునా?" అని షావుకారు ప్రశ్న. వాడు నిరుత్తరుడై నాయొద్దకు వచ్చి, "గురువుగారూ, ఆ భాష ఏ బడిలో నేర్పుదురు?" అని యడిగెను.

"నాయనా! దుకాణముననే నేర్వవలెను. ఏ సరకు నిలిచిపోవుచున్నది, ఏ మాసమున గిరాకి తగ్గును, ఒకసారి వచ్చినవాడు మరల రాకుండుటకు హేతువేమి – ఇవి యడుగుము. పిమ్మట 'రంగు బాగున్నది' అనక, 'వెల కానక విసిగి మరలువారికి ఈ పుటలో వెల ముందే కనబడును, వారిలో పదుగురు నిలిచినను మీకింత రాబడి' యని చెప్పుము" అంటిని.

ఇది క్రొత్త మాట కాదు. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున, నూలు సన్నమో, ముతకయో, మధ్యమమో యరసి వేతనము నిర్ణయింపవలెనని సూత్రాధ్యక్షునికి విధి యున్నది. తన నేర్పును లెక్కలో చెప్పలేని పనివానికి ఇతరులే వెల కట్టుదురు. అది తక్కువగనే యుండును.

మీ పిల్లలు అమీరుపేటకు బయలుదేరుటకు ముందు, ఇంట పాత చిట్టా, ఆవర్జాలున్నచో, ఒక సాయంకాలము వారిని దగ్గర కూర్చుండబెట్టుకొని చదివి చూపుడు. నిలువ, బాకీ, వడ్డీ యను మాటలు డిజైను పాఠములలో అరుదు.