'థగ్' అను మాట కథ



రజతోత్సవ సభలో దొంగలను గూర్చి ప్రసంగమేమి యని కొందరు నవ్వవచ్చును. పుస్తకములకును దొంగలకును గల సంబంధమెట్టిదో ఏ గ్రంథాలయాధికారి నడిగినను చెప్పును. అయితే నేటి విషయము పుస్తకము పట్టుకొనిపోయి మరల తేనివానిని గూర్చి కాదు. ఒక మాటను గూర్చి. ఆ మాట 'థగ్'. ఇంగ్లీషు పత్రిక తెరచినచో రౌడీకి, దౌర్జన్యపరునికి ఈ మాట వాడుదురు. చదువువారు అది ఇంగ్లండులో పుట్టినదే యనుకొందురు. అది మన దేశపు మాట. ఇక్కడినుండి ఓడ యెక్కి పోయి, వేషము మార్చుకొని తిరిగి వచ్చినది.

సంస్కృతమున 'స్థగ' అను ధాతువు కలదు. కప్పుట, దాచుట దాని యర్థము. దాచి మోసగించువాడు స్థగుడు. హిందీలోని 'ఠగ్' దీనినుండియే వచ్చినదని నిఘంటుకర్తలు చూపుదురు. తాంబూలపు పెట్టెకు సంస్కృతమున 'స్థగీ' యని పేరు. ఆకును వక్కను దాచునది స్థగి, మనసును దాచువాడు స్థగుడు. ఒకే యింట పుట్టిన రెండు మాటలలో ఒకటి రాజసభకును, ఒకటి చెరసాలకును పోయినవి. హిందీలో నేటికిని ఠగ్ అనగా మోసగాడే, చంపువాడని కాదు.

దొంగకు అమరసింహుడు పది పేర్లు చెప్పెను. వానిలో కొన్ని విప్పి చూచినచో ముచ్చట గొలుపును. ఒంటరి యింటిని కనిపెట్టుకొని యుండువాడు ఐకాగారికుడు. దారి కడ్డముగా నిలుచువాడు ప్రతిరోధి. పరులపై బడువాడు పరాస్కంది. ఈ పేర్లన్నియు మనిషి చేసిన పనినిబట్టి వచ్చినవి. పని మానినచో పేరు పోవును. ఆ వరుసలోనే 'దస్యువు' అను మాట కూడ నున్నది, కాని దాని పుట్టుక వేరు. వేదములలో దస్యువులనగా తమకు శత్రువులైన జనులు. వారి దేవతలు వేరు, ఆచారములు వేరు. ఆ జనుల పేరే కాలక్రమమున దొంగ యను నర్థము పొందినది. అనగా ఒక జాతిపేరు నేరపు పేరుగా మారుట మన దేశమున క్రొత్త కాదు. ఈ తప్పును తెల్లవారే మొదట చేసిరనుట న్యాయము కాదు.

అయినను వ్యాసుడు ఆ మాటను అంతటితో వదలలేదు. శాంతిపర్వమున కాయవ్యుడను దస్యునాయకుని కథ కలదు. తండ్రి క్షత్రియుడు, తల్లి నిషాదస్త్రీ. అడవిలో వేటాడి ముసలివారైన తలిదండ్రులను తేనెతో, దుంపలతో, పండ్లతో పోషించెను. వనములోని తాపసులను ఆదరించెను. దొంగ చేతి సొమ్ము తాకమన్న వారి వాకిట, తెల్లవారకమునుపే ఆహారముంచి పోయెడివాడట. దస్యువులు అతనిని నాయకునిగా కోరగా, స్త్రీలను, పిల్లలను, భయపడినవారిని, తాపసులను చంపరాదని కట్టడి చేసెను; వారును పాపము మానుకొనిరి. మన యడవి గ్రామములవారు ఈ కథను తప్పక చదువవలెను. దస్యువను పేరు పోకయే మనిషి యెంత యెదుగునో అందు కనబడును.

ఇక థగ్గుల సంగతి. బాటసారులతో స్నేహము చేసి, నాలుగు నాళ్లు కలిసి నడచి, అదను చూచి మెడకు రుమాలో త్రాడో బిగించి చంపి, సొమ్ము దోచి, శవమును పూడ్చువారు కొందరుండిరి. వీరిని గూర్చి మద్రాసులో పనిచేసిన రిచర్డ్ షెర్వుడ్ అను వైద్యుడు 1816లో ఒక వ్యాసము వ్రాసెను. దక్షిణాదిని దొరలు వీరిని ఫాంసీగర్లనిరి. ఫాంసీ యనగా ఉరి. షెర్వుడ్ వారికి దేశభాషలలో గల పేర్లును సేకరించెను. ఉత్తరాదిని థగ్గులందురనియు, అరవమున ఇట్లు, కన్నడమున ఇట్లు అందురనియు చెప్పి, తెలుగు పేరును ఇంగ్లీషు లిపిలో చెవికి దోచినట్లు వ్రాసికొనెను. ఆ లిపి పొరలు తీసి చూచినచో అందున్నది మన మాటయే: 'ఉర్లు వేసేవాండ్లు'. కుందేటికిని కముజుపిట్టకును ఒడ్డు ఉరియే ఈ ఉరి. రెండు వందల యేండ్లకు పూర్వమే తెలుగు బాటసారి తన భయమునకు ఇంత తేటయైన పేరు పెట్టుకొనియుండెను.

మరి ప్రపంచమునకు 'ఉర్లు వేసేవాండ్లు' చేరక 'థగ్' చేరుటకు కారణమేమి? కాగితము. 1830 తరువాత జబ్బలపురమునుండి విలియం స్లీమన్ అను అధికారి వీరిని వెదకి పట్టుట కారంభించెను. పట్టుబడినవారిలో కొందరిని సర్కారు సాక్షులుగా మార్చి, వారిచేత మిగిలినవారి పేర్లు చెప్పించి, వంశవృక్షములు గీయించి, వారి రహస్యభాషకు 1836లో ఒక నిఘంటువే అచ్చువేయించెను. 1839లో ఫిలిప్ మెడోస్ టేలర్ వ్రాసిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' అను నవల లండనులో వెలువడెను. ఈ టేలరు నైజాము కొలువులో పనిచేసినవాడే. ఆ నవలతో ఆ మాట ఇంగ్లీషు ఇండ్లలో దీపము ముందు చదువుకొను మాటయైనది. జబ్బలపురములో సాక్షులుగా మారినవారికిని వారి కొడుకులకును తివాసీలు, డేరాలు నేయుట నేర్పిరి. త్రాడు బిగించిన చేతులకు పడుగు పేకలు నేర్పుట మంచిపనియే యనవలెను.

స్లీమను చూపిన లెక్కలన్నియు నిజమా, సాక్షులు ప్రాణభీతిచే పెంచి చెప్పిరా యని చరిత్రకారులలో వాదము కలదు. హత్యలు జరుగలేదని మాత్రము చెప్పలేము. పాతిపెట్టిన యెముకలు దొరకినవి. చిక్కు చట్టమున వచ్చినది. 1836 నాటి 30వ చట్టము ప్రకారము, ఒకడు ఫలానినాడు ఫలానివానిని చంపెనని రుజువు చేయనక్కరలేదు; థగ్గుల ముఠాలో నుండెనని తేలినచో చాలును, యావజ్జీవము ఖైదు. చేసిన పనికి గాక, అయియున్న దానికి శిక్ష. 1860లో వచ్చిన భారత శిక్షాస్మృతి 310వ సెక్షనులో థగ్గు నిర్వచనమును, 311లో శిక్షను వ్రాసిరి. అదే గ్రంథమున మరియొక మన దేశపు మాట, డెకాయిటీ, 391వ సెక్షనులో చేరినది. డాకా వేయువాడు డకైతు; దొరల నోట డెకాయిటు. నలుగురు కలిసి దోచినచో దోపిడి, ఐదవవాడు చేరినచో డెకాయిటీ. తెలుగులో దీనికి బందిపోటనిరి. లెక్కలు వ్రాయువారికి ఇట్టి నియమములు మిక్కిలి యిష్టము. దోపుడు పడినవానికి నలుగురైననేమి, ఐదుగురైననేమి!

మొదట ముఠాకు తగిలిన ఈ ముద్ర 1871లో జాతులకు తగిలినది. ఆ సంవత్సరము క్రిమినల్ ట్రైబ్స్ చట్టము వచ్చెను. 1911లో దానిని తిరుగ వ్రాసి మద్రాసు రాజధానికి కూడ వర్తింపజేసిరి. ఇందు మన తెలుగువారి గాథ యున్నది. ఎరుకలవారు పశువులపై ఉప్పును ధాన్యమును మోసికొని ఊరూర అమ్మినవారు, బుట్టలల్లినవారు, సోదె చెప్పినవారు. రైలు వచ్చెను, ఉప్పు వర్తకము చేజారెను. తిరుగుడు బ్రతుకు మాత్రము మిగిలెను. ఊరు లేనివానిని సర్కారు అనుమానించును. ఎరుకలలో పలు వర్గములు పట్టికలోనికెక్కినవి. 1913 ప్రాంతమున బాపట్ల చెంత ముక్తిఫౌజువారి యాజమాన్యమున ఒక సెటిల్మెంటు వెలసెను. మద్రాసు గవర్నరు సభలోని హెరాల్డ్ స్టూవర్టు పేర అది స్టూవర్టుపురమైనది. అచ్చట హాజరు పట్టీ, పొలిమేర దాటుటకు చీటి, వ్రేలిముద్రలు. తొట్టిలోని శిశువునకును పుట్టుకతోనే ఆ పేరు. ఆ చట్టమును మద్రాసు రాష్ట్రము 1947లో రద్దుచేసెను. దేశమంతటను 1952 ఆగస్టు 31న రద్దయినది. అయినను ఆ యూరి పేరు చెప్పినచో బస్సులో పక్కవాడు జేబు తడుముకొనుట తరువాత చిరకాలము మానలేదు. 1970ల నుండి హేమలతా లవణము, లవణము దంపతులు అచ్చట పనిచేసి, కుటుంబములకు క్రొత్త బ్రతుకు చూపుటకు పాటుపడిరి.

ఇంగ్లీషువానిని నిందించునప్పుడు మన నోటిని కూడ చూచుకొనవలెను. 'దొంగ దాసరి' యను మాట మన సామెతల సంచిలోనిదే. మతవేషమున దొంగిలించినవానికి పుట్టిన యా పేరు, దొరల కాగితములలో ఒక కులము పేరుగా నెక్కినది. అందించినవారము మనము, వ్రాసికొన్నవారు వారు.

ఎవరి చిట్టాలో ఎవరు దొంగ యను సంగతికి మన ప్రాంతమును మించిన సాక్ష్యము వేరొకచోట లేదు. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న, భద్రాద్రి గుడికి సర్కారు పైకము వాడెనని గోల్కొండ చెరలో పడెను. ప్రభుత్వపు లెక్కలో బాకీదారు. జనుల నాలుకపై రామదాసు. ఆ రెండు లెక్కలును నేటికిని సరిపడలేదు, సరిపెట్టుమని యడిగినవారును లేరు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులు గైకొనెను. తీసికొన్న వస్తువుల వివరము వ్రాసి సంతకము చేసి యిచ్చిపోయెనని చెప్పుదురు. రశీదిచ్చు దోపిడి లోకమున మరియొకటి కలదా? ప్రభుత్వము దానిని పితూరీ యని వ్రాసెను. నాడు మన్యమున పితూరీ యనగా తిరుగుబాటు. నేడు ఊళ్లలో పితూరీ యనగా ఒకరిమీద ఒకరు మోయు చాడీ! తుపాకి పట్టిన మాట అరుగుమీది ముచ్చటకు దిగినది. బందిపోటు కథ అందుకు తలక్రిందులు. 1963లో ఆ పేర విఠలాచార్యగారు తీసిన చిత్రమున బందిపోటే కథానాయకుడు.

థగ్గు మాత్రము ఇంగ్లండు దాటి అమెరికా చేరినది. అచ్చట త్రాడు పోయినది, రుమాలు పోయినది, బాటసారి పోయినాడు. మొరటువాడను నర్థము నిలిచినది. ఇటీవలి కాలమున నల్లజాతి యువకులను పత్రికలలోను రాజకీయ ప్రసంగములలోను ఈ మాటతో పిలుచుటపై అచ్చట గొప్ప వివాదములు నడచినవి. పాట పాడు యువకులు కొందరు దానిని తామే తగిలించుకొని, బిరుదువలె చూపుకొనిరి. జబ్బలపురమునుండి ఎన్నివేల క్రోసులు పోయినను, ఒకనిని గాక ఒక గుంపును చూపు నలవాటు ఆ మాటను విడువలేదు.

2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. థగ్గుల సెక్షనులు అందులో లేవు. 310 అను సంఖ్య మాత్రము మిగిలినది. ఇప్పుడది డెకాయిటీ సెక్షను. ఇల్లు ఖాళీయైనచో పాత యిరుగుపొరుగువారే వచ్చి చేరినట్లున్నది.

మన గ్రంథాలయమున ఆంగ్లాంధ్ర నిఘంటువు కలదు. పిల్లలు రేపు ఆ మాట తీసి, దాని కెదుట నేమి వ్రాసియున్నదో చూతురు గాక. ప్రక్కన ఖాళీ యున్నచో 'ఉర్లు వేసేవాండ్లు' అని పెన్సిలుతో సన్నగా చేర్చినయెడల, గ్రంథాలయాధికారిగారు ఈ యొక్కసారికి జుల్మానా వేయకుందురు గాక.