చెట్టు మీద పండనివ్వకూడని పండు



పక్వానికొచ్చిన మామిడికాయను కోసి గడ్డిలో మాగవేయడం మనకు అలవాటే. అయినా చెట్టున పండిన మామిడి రుచే వేరంటాం. బేరిపండు సంగతి దీనికి తలకిందులు. చెట్టున పండనిస్తే అది పాడవుతుంది. వేసవి బేరిల్లో పేరుమోసిన విలియమ్స్ రకం గురించి ఇవాళ చెప్పుకుందాం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది బార్ట్‌లెట్‌గానే తెలుసు.

ఈ రెండు పేర్ల వెనక చిన్న కథ ఉంది. ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌లో ఆల్డర్‌మాస్టన్ అనే ఊరు. 1770 ప్రాంతంలో అక్కడి బడిపంతులు స్టెయిర్ తోటలో ఈ రకం వెలుగులోకి వచ్చింది. లండన్ దగ్గర టర్న్‌హామ్ గ్రీన్‌లో మొక్కలమ్మే విలియమ్స్ దీన్ని పెంచి నలుగురికీ అందించాడు. రకానికి ఆయన పేరే పడింది. 18వ శతాబ్దం చివర్లో కొన్ని మొక్కలు ఓడెక్కి మసాచుసెట్స్ చేరాయి. అవి నాటిన తోట 1817లో ఈనాక్ బార్ట్‌లెట్ చేతికొచ్చింది. చెట్లకు కాయలున్నాయి గానీ ఆ రకం పేరేమిటో ఆయనకు తెలియదు. తన పేరు పెట్టి పంచేశాడు. 1828లో యూరప్ నుంచి మళ్లీ విలియమ్స్ మొక్కలు వచ్చాక రెండూ ఒకటేనని తేలింది. అప్పటికే బార్ట్‌లెట్ పేరు జనం నోళ్లలో నానిపోయింది.

గింజ నాటితే బేరికి తల్లి గుణాలు రావు. బంగినపల్లి మామిడిలాగే అంటు కట్టాల్సిందే. అంటే హిమాచల్ కొండల మీదున్న బార్ట్‌లెట్ చెట్టు కూడా ఆ పంతులుగారి చెట్టు కొమ్మకు కొమ్మే.

పండు గంట ఆకారంలో ఉంటుంది. తొక్క పలచన. పచ్చగా ఉన్న కాయ మాగేకొద్దీ పసుపు తిరుగుతుంది, గది నిండా వాసన చిమ్ముతుంది. గుజ్జు వెన్నలా కరుగుతుంది, రసం మోచేతిదాకా కారుతుంది. బేరికి లోపలి నుంచి బయటికి మాగే గుణం ఉంది. చెట్టు మీదే వదిలేస్తే పైకి నవనవలాడుతూనే లోపల గింజల చుట్టూ గోధుమరంగు తిరిగి మెత్తబడిపోతుంది. గుజ్జు పంటికింద ఇసుకలా తగులుతుంది. అందుకే ఆగస్టు వచ్చేసరికి రైతు వేలాడే కాయను అరచేతిలోకి తీసుకుని అడ్డంగా పైకి లేపి చూస్తాడు. తొడిమ కొమ్మ దగ్గర టక్కున ఊడితే కోతకొచ్చినట్టు, మొరాయిస్తే ఇంకా ఆగాలి.

డబ్బాల్లో నిలవచేసే బేరి ముక్కలకు ఈ రకం పెట్టింది పేరు. యూరప్‌లో దీనితో సారా కూడా కాస్తారు. కొన్నిసార్లు ఆ సారా పోయబోయే ఖాళీ సీసాను పిందె దశలోనే కొమ్మకు తొడిగి కట్టేస్తారు, పండు అందులోనే పెరుగుతుంది. సన్నని మూతి సీసాలో అంత పెద్ద పండు ఎలా దూరిందని చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

మీ చేతికి గట్టి కాయలు వస్తే కాగితపు సంచిలో ఒక అరటిపండు తోడుంచండి. దాన్నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు అవి త్వరగా మాగుతాయి. రోజూ తొడిమ పక్కన, మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. అక్కడ కాస్త లొంగిందంటే అదే అదను, కోసుకు తినేయండి. పొట్ట మెత్తబడేదాకా ఆగితే మాత్రం లోపల గుజ్జుకు కాలం చెల్లినట్టే.