బలము సూది – సి విటమిను
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

నాట్లు ముగియగానే ఒడలు బడలినదని, కూలిసొమ్ము చేతబట్టుకొని ‘బలము సూది’కై పోవువారు మీ గ్రామములలో కలరు. సెలైనులో సి విటమిను కలిపి ఎక్కించినచో బడలిక తీరునని వారి నమ్మకము. ఆ మందును గూర్చి మాకు తెలిసినది విన్నవింతుము.

సి విటమిను లోపించినచో చిగుళ్లు వాచి రక్తము కారును. మానిన గాయములు మరల తెరచుకొనును. దీనినే స్కర్వీ యందురు. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు ఈ వ్యాధి గల 12 మంది నావికులను ఇద్దరిద్దరిగా విభజించి, జతకొక పదార్థము చొప్పున ఇచ్చి చూచెను. నారింజ, నిమ్మపండ్లు తిన్న జతయే అందరికంటె త్వరగా కోలుకొనెను. అప్పటికి సూదిమందు పుట్టనే లేదు.

మరి సూది ఎవరికి? నోటితో తీసికొనలేని వారికి, ప్రేగులు ఆహారసారమును పీల్చుకొనలేని వారికి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఆమోదించిన సి విటమిను సూదిమందును అట్టి స్కర్వీ రోగులకే, వారము దినములకు మించకుండ ఈయవలెను. పెద్దలకు దినమునకు 200 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల జామపండులో ఇంచుమించు అంతయే కలదు!

సెలైను ఎక్కించిననాడు కొంత తేలికగా తోచుట నిజమే. అది నీటివలనను, గంటసేపు పడుకొనుటవలనను కలిగిన సుఖము. బడలికకు మూలము రక్తహీనతయో, మధుమేహమో, క్షయయో కావచ్చును. సూదితో సరిపెట్టుకొన్నచో ఆ వ్యాధి లోలోపల ముదురును.

అధిక మోతాదున నరమునకెక్కించిన సి విటమిను ఆక్సలేటుగా మారి మూత్రపిండములను చెరచవచ్చును. జి-సిక్స్-పి-డి అను ఎంజైము పుట్టుకతోనే తక్కువైన వారిలో ఎర్రరక్తకణములు పగిలిపోవును. వ్రేలిరక్తముతో చక్కెర చూపు యంత్రము లేని చక్కెరను చూపవచ్చును. దానిని నమ్మి ఇన్సులిను ఇచ్చినచో ప్రాణాపాయము. 2022లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, తీవ్రమైన రక్తదూషణ గల రోగులకు పెద్ద మోతాదులలో ఈయగా మేలు కలుగకపోగా కీడే హెచ్చెను.

సూది సంగతి వేరు. 2009లో గుజరాతులోని మొడాసా ప్రాంతమున, వాడిన సిరంజిలనే మరల వాడుటచే కామెర్లు వ్యాపించి అనేకులు మరణించిరి. కావున మీ యెదుటనే క్రొత్త సిరంజి పొట్లము విప్పుచున్నారా, సీసాపై మందు పేరును గడువు తేదీయు ఉన్నవా, చీటీ వ్రాసిన వైద్యుడెవరు అని విచారింపుడు.

“అర్ధరాత్రి పిలిచినను వచ్చువాడు ఆ సూది వేయువాడే, వానిని కాదన్నచో మాకు దిక్కెవరు?” అని మీలో ఒకరు ప్రశ్నించిరి. న్యాయమైన ప్రశ్న. వానిని దూషించినంత మాత్రమున ఆ కొరత తీరదు. ఉపకేంద్రమునకు ఏఎన్ఎం వచ్చు దినములను గోడపై వ్రాయింపుడు. ఆమె రాని దినములను, మందులు లేని దినములను తీర్మానముల పుస్తకమున కెక్కించి, నకలును ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి నెలనెలా పంపుడు.